సోమాజిగూడ బంగళా పొగసారా

డిసెంబర్ 5, 1938, సోమవారం

ఎవరికీ చెప్పలేని మాట, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. నా ముక్కు పనిచేయడం లేదు.

దసరాకి వచ్చిన జ్వరం ఎప్పుడో తగ్గింది. కాళ్లలో బలం వచ్చింది, ఆకలీ వేస్తోంది. వాసన ఒక్కటే తిరిగి రాలేదు. పొద్దున రాజమణి మెంతికూర వండింది. ఉప్పు తెలిసింది, కారం తెలిసింది, మెంతికూర తెలియలేదు. "ఎట్లున్నది?" అని అడిగింది. "మస్తుగున్నది" అన్నాను. కట్టుకున్న భార్యతో అబద్ధమాడటానికి కూరే దొరికిందా అని నామీద నాకే కోపం వచ్చింది.

జలుబే అయ్యుంటుంది. చలి తగ్గితే అదే పోతుంది.

డిసెంబర్ 6

జలుబే.

డిసెంబర్ 9, శుక్రవారం

లక్డీకాపూల్ నుంచి ఉప్పలయ్య మామ వచ్చాడు. పోయిన వారం నేను నీలం అద్ది పంపిన నూలంతా వెనక్కి తెచ్చి వాకిట్లో పడేశాడు.

"నీలమా గిది, బూడిదా? ఏమైంది అల్లుడా నీకు?"

చలి ఎక్కువగా ఉంది మామా, నీలిరంగు బాన సరిగా పులియలేదు అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. మా నాయన కాలంనుంచీ మాకు అద్దకానికి నూలూ, బానకి సున్నమూ ఇస్తున్న మనిషి. ఆయన ముందు నా మాట నాకే డొల్లగా వినిపించింది.

కంటికి బాన బాగానే ఉండింది. నురుగు లేచింది, పైన రాగిరంగు పొర కట్టింది. సున్నం ఎక్కువైన సంగతి కన్ను చెప్పదు, ముక్కే చెప్పాలి. ఇన్నేళ్లూ నేను మూత తీసి గట్టిగా ఒక్కసారి పీల్చి, వేలు ముంచి నాలుకమీద రాసుకుని, నూలు ముంచాలో ఆగాలో తేల్చేవాణ్ణి. ఈసారి ఒక్క నాలుకతోనే కానిచ్చాను. నూలు పాడైంది.

మామ పోతూ పోతూ గడపలో నిలబడి అన్నాడు: "పెండ్లిళ్ల నూలు ఉన్నది. ఇంకొక్క బాన చూస్త. గది సుత గిట్లయితే మిల్లు రంగు నూలే తెచ్చుకుంట. నువ్వు బాన బోర్లేసుకొని బేగంపేట విమానాల దగ్గర మట్టి మోయి."

నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టే నాకు భయమేసింది.

డిసెంబర్ 11, ఆదివారం

నా దోస్తు ఓదెలు వచ్చాడు. సోమాజిగూడలో ఒక ఇంజనీరు దొర బంగళాలో బట్లరు. సైకిల్ దిగి, కోటు లోపలినుంచి ఒక సీసా తీశాడు. సగానికి పైగా ఉంది. చింతపండు పులుసు రంగు.

"మా దొర సొంతూరి విస్కీ. దొరసాని గీ సీస ఇంట్ల ఉంటే నేనుండ అన్నది. దొర ఆలోచించిండు నర్సన్నా. మస్తు సేపు ఆలోచించిండు. ఆఖరికి సీసనే బయటికి పంపిండు."

బిరడా తీసి నా ముక్కు కింద పెట్టాడు. నేను అతని మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. అతనూ నా మొహంలోకి చూస్తున్నాడు.

"ఏందన్నా, మూత తీస్తే మా బంగళాల పిల్లి సుత తుమ్ముతది. నువ్వు గట్లనే కూసున్నవేంది?"

దొరికిపోయాను. ఎవరితోనూ అనకు అని ఒట్టు పెట్టించుకుని చెప్పేశాను. ఓదెలు జాలిపడలేదు, అదొక్కటీ మేలు. అతని బుద్ధి వేరే దిక్కు పరుగెత్తింది. "గట్లయితే గిదే నీకు మందు. గింత ఘాటు వాసన ఇంకేడ దొరుకుతది? రోజుకింత తాగు. ముక్కు లేస్తదో లేవదో చూద్దం" అన్నాడు. తనకి మాత్రం గుక్క దిగలేదట. పుండుకి కట్టిన గుడ్డ పిండి తాగినట్టుందట.

పోచమ్మ తల్లికి నాలుగు చుక్కలు నేలమీద సాకపోసి, నేను నోట్లో పోసుకున్నాను. నాలుకమీద మంట. మంట తగ్గాక సన్నటి తీపి. అంతే.

తాగిన దానికంటే ఓదెలు చెప్పింది నన్ను ఎక్కువ పట్టుకుంది. ఆ దేశంలో మట్టిని ఇటుకల్లాగా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కాలుస్తారట. మట్టి ఎట్లా కాలుతుందో దొరకే తెలియాలి. ఆ పొగమీద నానేసిన యవలు ఆరబెట్టి, వాటితో సారా కాస్తారట. కాచినప్పుడు అది నీళ్లలాగే తెల్లగా ఉంటుందట. తరువాత వేరే దేశంనుంచి షెర్రీ అనే ద్రాక్షసారా వచ్చిన పాత పీపాలు కొని, వాటిలో దీన్ని పోసి, ఏళ్లకేళ్లు కదపకుండా పెడతారట.

"మరి ఈ రంగు?"

"పీపాదే. వేరే రంగేం కలపలే అన్నడు దొర."

అంటే ఆ కట్టె ఒకప్పుడు ద్రాక్షసారాని తాగి, ఇప్పుడు దీనికి రంగు వేస్తోందన్నమాట. మేం నూలుని బానలో ముంచుతాం. వాళ్లు సారాతో బాననే నింపి, బాన గోడే రంగు దిగనిస్తున్నారు. ఓదెలు వెళ్లిపోయాక కూడా సీసాని వెలుతురుకి పట్టుకుని చూస్తూనే కూర్చున్నాను.

చివరి గుక్కలో కళ్ల వెనకాల ఏదో కదిలింది. పొగేనేమో.

డిసెంబర్ 12

ఆగలేక తెల్ల నూలు పోగొకటి గిన్నెలో ఆ విస్కీ పోసి నానబెట్టాను. మధ్యాహ్నం తీసి ఆరేశాను. పలచటి తేనెరంగు, ముచ్చటగా ఉంది. చెరువు గట్టున జాడిస్తే మొత్తం పోయింది. కచ్చా రంగు. అన్నేళ్లు పీపాలో ఉండీ నూలుకి అంటుకోవడం రాలేదు దీనికి.

గిన్నెలో మిగిలింది పారబోయడానికి మనసు రాలేదు.

డిసెంబర్ 15, గురువారం

సీసా దాచడం నాకు రాదని తేలింది. నూలు గంపలో అడుగున పెట్టాను. బిరడా వదులైంది. నాకెట్లా తెలుస్తుంది? రాజమణి వాకిట్లోంచే అరుస్తూ వచ్చింది.

"ఎవలకు దెబ్బ తాకింది? ఇల్లంతా దవాఖాన వాసనొస్తున్నది!"

గంప బోర్లించింది. సీసా దొర్లింది. ఓదెలు ఇచ్చాడు, కాళ్ల నొప్పులకి అన్నాను. ఆమె నమ్మలేదు గానీ, తిట్టడం మానేసి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టింది. కల్లు తాగి పెరిగిన మనిషి, సారాకి బెదరదు. ఒకసారి పీల్చి మళ్లీ పెట్టింది.

"ఏంది గిది?"

"నువ్వే చెప్పు."

గిన్నెలో ఇంత పోసుకుని తాగింది. తాగి నోరు చప్పరించింది.

"ముందుగాల పొగ. కట్టె పొగ కాదు, పిడక పొగ కాదు. వానల తడిసిన గుడిసె అంటుకున్నట్టు. దాని పక్కపొంటి టింక్చర్. జర ఆగు, ఆగు... ఎనుక ఇంకోటున్నది. కిస్మిస్. పాయసంల ఉబ్బిన కిస్మిస్ ఉంటది సూడు, గది. గా కిస్మిస్‌కు సుత పొగ పట్టింది." మళ్లీ నోరు చప్పరించింది. "మింగినంక పోతలేదయ్యా. పొయ్యి ఆర్పినంక ఇంట్ల ఎట్లుంటది? గట్ల కూసున్నది."

నేను ఆమె నోటివైపే చూస్తున్నాను. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఈమె ఇట్లా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. నేనెప్పుడూ అడగలేదు కూడా.

"నీకు గట్లనే ఉన్నదా?" అంది.

"గట్లనే" అన్నాను.

డిసెంబర్ 18, ఆదివారం

కొత్త బాన నిన్న కలిపాను. నీలిమందు, సున్నం, పులియడానికి ఉడకబెట్టిన తగిరిస గింజల కషాయం. పోయినసారి సున్నం ఎక్కువై కొంప మునిగింది కాబట్టి ఈసారి చేయి కట్టేసుకున్నాను.

రోజూ సాయంత్రం విస్కీతో సాధన చేస్తున్నాను. పొగ తెలుస్తోంది. తడిసిన గుడిసె కాలినట్టుంది. వెనక కిస్మిస్ కూడా తెలుస్తోంది, పాయసంలోది.

దొర రెండు మూడు చుక్కలు నీళ్లు కలుపుకుంటాడని ఓదెలు చెప్పాడు. కలిపి రాజమణికి ఇచ్చాను. "అరే! పొగ పక్కకు జరిగి కిస్మిస్‌కు తొవ్వ ఇచ్చింది" అంది. ఖర్జూరం కూడా ఉందట. వేయించిన చింతగింజ ఉందట. ఈమె రోజుకొకటి వెతికి తీస్తోంది.

నాకూ చింతగింజ తెలిసింది. ఆమె అన్న తరువాత తెలిసింది.

డిసెంబర్ 20

పొగ బాగా తెలుస్తోంది.

డిసెంబర్ 22, గురువారం

పెళ్లిళ్ల నూలు మామ పంపించాడు. చిలపలుగా చుట్టిన తెల్లటి నూలు కట్టలు, తాకితే వెన్నలా ఉన్నాయి. ఇరవై ఎనిమిదిన వస్తానని కబురు పెట్టాడు.

బాన మూత తీసి పీల్చాను. బాగానే ఉందనిపించింది. రాజమణి బాన గది గడపకి అవతల నీళ్ల కుండ దించుతూ నిలబడి, "ఎట్లున్నది బాన?" అంది.

"రేపో ఎల్లుండో ముంచొచ్చు."

"గిక్కడికి జర పులుపు కొడుతున్నది."

అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. "బాన ముచ్చట ఆడోళ్లకెందుకు? నీళ్లు పెట్టినవు గద, పో!" అని అరిచాను. మా ఇళ్లలో ఆడవాళ్లు బాన మూత ఎత్తకూడదు. ఎత్తితే బాన చస్తుందంటారు. మా అమ్మ జీవితమంతా బానకి నీళ్లు మోసింది. మూత తీసేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకుని నిలబడేది.

రాజమణి కుండ దించి పోయింది. అరవాల్సింది కాదు.

డిసెంబర్ 24, శనివారం

పొద్దున చలిలో ఇద్దరం ఎండలో కూర్చున్నాం. రాజమణి తనే గిన్నెలో పోసి తెచ్చింది. మొన్నటి కోపం పోయింది కాబోలని సంతోషపడ్డాను.

"ఇయ్యాల నువ్వు చెప్పు, నేనింట" అంది.

చెప్పాను. ముందు పొగ వచ్చిందన్నాను. తడి గుడిసె అన్నాను. టింక్చర్ కొంచెం తగ్గిందన్నాను. నీళ్లు కలపకుండానే కిస్మిస్ తెలుస్తోంది, నా ముక్కు పదునెక్కినట్టుంది అన్నాను. ఉత్సాహం ఆగక, అడుగున ఎక్కడో పీపా కట్టె కూడా ఉందన్నాను. ఆమె గడ్డం కింద చేయి పెట్టుకుని మొత్తం వింది.

"గది మన ఇప్పసార" అంది. "రంగుకని మాడిన బెల్లం కలిపిన."

ఆ క్షణం భూమి చీలితే దూరేవాణ్ణి. గిన్నె కింద పెట్టడం కూడా తెలియలేదు, చేతిలోనే ఉండిపోయింది.

"ఎప్పటిసంది వాసన తెలుస్తలేదు?" అంది.

"దసరాసంది."

"గా మెంతికూర?"

తల అడ్డంగా ఊపాను. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. తిడుతుందనుకున్నాను. "నాకు చెప్తే ఏమయితుండె? నవ్వుతుంటినా? నేనేమన్న బయటిదాన్నా?" అంది. అన్నీ సరైన ప్రశ్నలే. భయం అని చెప్పాను. బాన పోతే నేనేం మనిషిని అని చెప్పాను. ఎండలో కూర్చుని ఏడ్చాను.

కాసేపయ్యాక అడిగాను, మరి ఆ విస్కీ ఏదని.

"తాగిన."

"మొత్తమా?"

"జర ఉన్నది. నాకు నచ్చింది. నీకు తెలుస్తలేదని అనుమానం రాంగనే దాన్ని వేరే సీసల దాసి, నీ సీసల ఇప్పసార నింపిన. ఎందుకు ఖరాబ్ చేసుడు?"

ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. నిన్నా మొన్నా కూడా నేను తాగి పొగ, కిస్మిస్ అని మురిసిపోయింది ఇప్పసారానేనట.

డిసెంబర్ 25

బాన దగ్గరికి పోలేదు.

డిసెంబర్ 26, సోమవారం

ఎల్లుండి మామ వస్తాడు. ఇవాళ బాన సంగతి తేలకపోతే ఇక లేదు. గదిలోకి పోయి మూతమీద చేయి పెట్టి నిలబడ్డాను. తీసి ఏం లాభం? పిలిచాను.

రాజమణి గడప దాటలేదు. నా కంటే ఆమెకే ఎక్కువ భయం.

"ముట్టరాదంటరు గదయ్యా. చస్తే?"

"నేను చూసిన బాన చచ్చే ఉన్నది. ఇంకెంత చస్తది?"

"మామ కోపం చేస్తడు." పోయిన మా నాయన సంగతి అంటోంది. గదిలో ఆయన ఉన్నట్టే కొంగు సర్దుకుంది.

నేనే చేయి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె వంగింది. మూత తన చేతులతోనే ఎత్తింది. కళ్లు గట్టిగా మూసుకుని పీల్చింది. బానకి ఏమీ కాలేదు. ఆమెకీ ఏమీ కాలేదు.

"పక్వానికొచ్చిందా?" అన్నాను.

"నాకేమెరుక? నేనెన్నడన్న చూసిన్నా?"

అప్పుడు అర్థమైంది మా ఇద్దరి అవస్థ. ముక్కు ఆమెది, గుర్తు నాది. సరైన బాన వాసన ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, ఎవరికీ ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు. మా నాయన కూడా నాకు చెప్పలేదు, నా తల పట్టుకుని బానమీదికి వంచేవాడు. ఏం చేయాలో తోచక, విస్కీ దగ్గర కూర్చున్నట్టే ఆ పక్కన నేలమీద కూర్చున్నాను.

"ముందుగాల ఏమొస్తున్నది?"

ఆమెకి వెంటనే అందింది. మళ్లీ వంగింది. "పులుపు. పులిసిన గంజి."

"ఎనుక?"

"ఎనుక... సున్నం లేదు. ఏదో ఆకు కుళ్లినట్టు. జర ఆగు. అడుగున తీపి ఉన్నది, గని పులుపు దాన్ని మీదికి రానిస్తలేదు."

సున్నం తక్కువైంది. మొన్న గడప అవతలినుంచే ఆమె చెప్పింది ఇదే కదా. గుప్పెడు సున్నం కలిపి, మూత పెట్టి, చుట్టూ ఊక పోసి వెచ్చగా కప్పాను. ఎక్కువైతే మళ్లీ బూడిదే.

డిసెంబర్ 27, మంగళవారం

పొద్దున ఆమె మూత తీసింది.

"పులుపు ఎనుకకు జరిగింది" అంది. "ముందు తీపొస్తున్నది. నానిన పెసర్లు మొలకలెత్తినప్పుడు ఉంటది సూడు. దాని పక్కపొంటి కొత్తగ సున్నమేసిన గోడ." వేలు ముంచి నాలుకకి రాసుకుంది. "చురుక్కుమంటున్నది గని కొరుకుతలేదు."

అదే. అక్షరాలా అదే. నా చిన్నప్పటినుంచీ నా తలలో ఉన్న వాసనకి ఈమె ఇవాళ పేరు పెట్టింది. "ముంచుదాం" అన్నాను.

చిలపలు ముంచి తీశాను. ఆకుపచ్చగా పైకి వచ్చాయి, పిండుతుంటేనే గాలికి నీలం తిరిగాయి. మూడుసార్లు ముంచి, పంజాగుట్ట బండలమీద ఇద్దరం ఆరేశాం. ఎండ పడగానే రంగు బిగిసింది. రాజమణి బండమీద కూర్చుని ఒక్క చిలపనే ఎంతసేపో చూసింది.

డిసెంబర్ 28, బుధవారం

ఉప్పలయ్య మామ వచ్చాడు. చిలప విప్పాడు, తడి వేలితో రుద్దాడు, పోగు పంటికింద పెట్టి చూశాడు.

"దారికొచ్చినవ్ అల్లుడా! గిది మీ నాయన రంగు."

ఊఁ అని ఊరుకుంటే సరిపోయేది. పెళ్లి నూలు, ఆడమనిషి చూసిన బాన అంటే ఆయన తీసుకోకపోనూవచ్చు. రాజమణి తలుపు వెనకనుంచి వద్దన్నట్టు చేయి ఊపింది. ఆ చేయి ఊపడం చూశాకే నాకు ఉండబట్టలేదు.

"బాన చూసింది నేను కాదు మామా, రాజమణి. నా ముక్కు పోయింది."

మామ నావైపు చూశాడు, తలుపువైపు చూశాడు. చిలపని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"మూత ఎత్తిందా?"

"ఎత్తింది."

"బాన చావలే?"

"రంగు నీ చేతిల ఉన్నది గద మామా."

మామ చిలపని ఇంకోసారి తడి వేలితో రుద్దాడు. ఆఖరికి చిలపలన్నీ మూటగట్టి భుజాన వేసుకున్నాడు. "నేనెవలకు చెప్ప. నువ్వు సుత చెప్పకు" అన్నాడు. తలుపు వెనకనుంచి రాజమణి గొంతు వినిపించింది: "మామా, మల్ల పంపేటప్పుడు సున్నం పొడిది పంపు. గిది తేమ పట్టింది, నాకు వాసన తెలుస్తున్నది." మామ నోరు తెరిచి, మూసి, సరే అన్నాడు.

జనవరి 2, 1939, సోమవారం

ఓదెలు వచ్చి ముక్కు లేచిందా అని అడిగాడు. లేవలేదని చెప్పాను. ఇంకో సీసా దొరికితే తెమ్మని రాజమణి అంది. దొరసాని ఊళ్లో ఉన్నంతకాలం కష్టమేనట.

మిగిలిన విస్కీ ఇవాళ అయిపోయింది. ఆమె తాగి చెబుతోంది, నేను వింటున్నాను. నాకు నాలుకమీద మంట, సన్నటి తీపి. అంతకు మించి ఏమీ తెలియలేదు. అట్లాగే ఆమెతో అన్నాను. బాన వాసన, వాన పడ్డ వాకిలి వాసన, మెంతికూర వాసన, అన్నీ ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నాను. బాగా చెబుతోంది.

చివరికి సిగ్గు విడిచి అడిగాను. "నీ వాసన ఎట్లుంటదో చెప్పు. మరిచిపోతనేమోనని భయమైతున్నది."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "నా వాసన నాకెట్ల తెలుస్తది? గది నువ్వే చెప్పాలె."

నిజమే. చెప్పాను. కుంకుడుకాయ అన్నాను. పొయ్యి దగ్గర చెమట పట్టిన మెడ అన్నాను. తడి కొంగు ఎండలో ఆరుతున్నప్పటిది అన్నాను. వీటన్నిటి వెనక ఇంకొకటి ఉంటుంది, దానికి మాట దొరకడం లేదు అన్నాను. వెతుక్కుంటూ వెతుక్కుంటూ గుర్తున్నదంతా చెప్పాను. ఆమె మొహం అటు తిప్పుకుని వింది. మధ్యలో ఒక్కసారి మాత్రం, "గట్లనా?" అంది.